అంకె పక్కన సున్నా ఎక్కడో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఒకటే టెన్షన్. భద్రాచలంలో 48 అడుగులు, ధవళేశ్వరంలో 13.75 అడుగులు అని పేపర్లో చూసి, "ఇక్కడ నీళ్లు తక్కువే, మనకేం భయం లేదు" అంటుంది మా అమ్మ. కానీ ఆ రెండూ రెండో ప్రమాద హెచ్చరిక మట్టాలే! భద్రాచలంలో నీటిమట్టం కొలిచే గేజీ వేరు, ధవళేశ్వరం బ్యారేజీ గేజీ వేరు. దేని సున్నా దానిదే, అంటే కొలత మొదలయ్యే చోటు దేనికదే వేరు. ఒకదాని అంకెను ఇంకోదాని అంకెతో పోల్చకూడదు. భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగులకైతే ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులకు ఇస్తారు. ఈ అంకెలను వార్త పక్కనే చిన్న పెట్టెలో వేస్తే లంక గ్రామాల వాళ్లకు ఎంత మేలో!

శ్రీశైలం సంగతీ అంతే. పూర్తి నీటిమట్టం 885 అడుగులంటే అంత లోతుందని మా వీధిలో చాలామంది నమ్ముతారు. ఆనకట్ట ఎత్తే 145 మీటర్లు, అంటే సుమారు 476 అడుగులు. 885 అనేది సముద్రమట్టం నుంచి లెక్క.

వర్షపాతం "మైనస్ 25 శాతం" అని రాసినప్పుడు కూడా రైతులు అయోమయపడుతున్నారు. వాన సున్నా కంటే తక్కువ పడదు కదా. అక్కడ సున్నా అంటే సాధారణ వర్షపాతం. 100 మిల్లీమీటర్లు పడాల్సిన చోట 75 పడిందని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. వచ్చే వరదల సీజన్ నుంచైనా మీ పత్రికలో దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం