ట్రే ఉంటే బెల్టు అక్కర్లేదా?

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలికి ఏడో నెల. అన్నప్రాశన అయింది, ఆసరా ఉంటే నిలకడగా కూర్చుంటోంది. ఒళ్లో పెట్టుకుని పప్పన్నం తినిపించడానికి నా మోకాళ్లు ఒప్పుకోక, మొన్న ఆదివారం బీసెంట్ రోడ్డులో పిల్లల ఎత్తు కుర్చీ కొనబోయాను.

దుకాణంలోని అబ్బాయి రంగులు చూపించాడు, పాట పాడే ట్రే చూపించాడు. బెల్టు ఏదని అడిగితే, "ముందు ట్రే ఉంది కదండీ, ఎక్కడికి పోతుంది?" అన్నాడు. ఎక్కడికా? కిందికి! పసిబిడ్డ ట్రే కింద నుంచి జారితే మెడ దగ్గర చిక్కుకుంటుంది. నడుముకే కాదు, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ కూడా ఉండాలి. భుజాలకూ ఉంటే మరీ మంచిది. వెనక నుంచి కాస్త నెట్టి చూశాను, కుర్చీ ఊగింది. కాళ్లు కింద వెడల్పుగా విచ్చుకుని ఉంటేనే కదా నిలబడేది! మెత్త ఊడిరాదట. నెయ్యి, పప్పు ఆ కుట్లలోకి పోతే కడిగేది ఎవరు? మా వారు మాత్రం ఆ పాట విని ముచ్చటపడ్డారు.

చివరికి వేరేచోట పాదాలు ఆనించుకునే పలక, ఐదు పట్టీల బెల్టు ఉన్న సాదా కుర్చీ తీసుకున్నాం. భోజనాల బల్లకు దూరంగా వేస్తున్నాం, కాళ్లతో బల్లను తంతే కుర్చీ వెనక్కి పడిపోతుంది కనుక.

ఏ వయసుకు, ఎంత బరువుకు పనికొస్తుందో పెట్టెల మీద తెలుగులో ముద్రించాలని అమ్మకందారులను కోరుతున్నాను.

— ఒక అమ్మమ్మ,
సత్యనారాయణపురం, విజయవాడ