పూడికా కోతా ఒకే ఇసుక లెక్క

సంపాదకుడి గారికి,

నమస్కారం. పోయిన నెల మా ఊళ్ళో సముద్రం ఒడ్డున రాతిగోడ కట్టించాలని ఒక అర్జీ రాశారు. ఊరంతా సంతకాలు చేసింది, నేను చేయలేదు. ముప్పై ఏళ్ళు కాలవగట్ల మీదా ఏటిగట్ల మీదా రాయి పోయించి ఇప్పుడు పింఛను తీసుకుంటున్నవాడిని. కోతకు పోతున్న తోటల్లో మా బావమరిదిదీ ఒకటి. అలాంటివాడు సంతకం పెట్టనంటే ఊరికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? కారణం చెప్పబోతే సగంలోనే ఆపేశారు. మిగతా సగం మీ పత్రికలోనైనా చదువుతారని ఈ ఉత్తరం.

మాది అంతర్వేదికి దగ్గర ఊరు. కోత లేదని నేననడం లేదు. బావమరిది తోటలో సిమెంటు వరల నుయ్యి ఒకటి ఉండేది, నేల మీద మోకాలెత్తు మాత్రమే కనబడేది. ఇప్పుడు చుట్టూ ఉన్న తోట పోయింది, నుయ్యి మిగిలింది. ఒడ్డున పొగగొట్టంలా నిలబడి ఉంది. మొన్న సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ వెళ్ళి లెక్కపెట్టాను, ఆరు వరలు బయటపడ్డాయి. కింది రెండింటికీ గుల్లలు పట్టాయి. పైనుంచి తొంగిచూస్తే లోపల ఇసుక, ఒక కొబ్బరి డొక్క. ఒకప్పుడు ఆ నీళ్ళతోనే వాళ్ళింట్లో పప్పు ఉడికేది.

ఆ నేలను సముద్రం మింగేసిందని అందరూ అంటారు. సముద్రం ఇసుకను మింగదు, మోస్తుంది. నైరుతి గాలుల కాలంలో కెరటాలు మన ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. ప్రతి కెరటమూ కాస్త ఇసుకను పక్కకు జరుపుతుంది. మార్చి నుంచి అక్టోబరు దాకా ఆ నడక ఈశాన్యం వైపు, అంటే మాకు ఓడలరేవు వైపు. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది కానీ వెళ్ళినంత రాదు. తుఫాను ఒక్క రాత్రిలో కోసుకుపోయిన ఇసుకలో చాలా భాగం ఒడ్డుకు కాస్త దూరంలో నీళ్ళ కిందే తిప్పగా ఉంటుంది. సముద్రం నెమ్మదించాక కెరటాలే దాన్ని మళ్ళీ తెచ్చి పోస్తాయి. కాబట్టి నవంబరులో ఒడ్డును చూసి వెంటనే గుండెలు బాదుకోనక్కరలేదు, మార్చిలో ఇంకోసారి చూడాలి. ఈ మాట అనబోయినప్పుడే నన్ను ఆపేశారు.

ఇసుక నడకకు సాక్ష్యం కావాలంటే కాకినాడ వెళ్ళండి. రేవుకు అడ్డుగా దాదాపు 16 కిలోమీటర్ల పొడవున ఉన్న హోప్ ఐలాండ్ రెండు వందల ఏళ్ళ కింద లేదు. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిపిన ఇసుకను కెరటాలు ఉత్తరానికి లాక్కెళ్ళి పేర్చిన తిప్ప అది. దాని చాటున కాకినాడ రేవు నిశ్చింతగా ఉంది, చాటు దాటిన ఉప్పాడ ఏళ్ళ తరబడి కోతకు గురవుతోంది. లోపలికి వస్తే కోనసీమలో సముద్రం కనబడని ఊళ్ళలో కూడా వరుసగా ఇసుక మెరకలు తగులుతాయి. అవన్నీ ఒకనాటి ఒడ్లే. గోదావరి మట్టీ ఇసుకా తెచ్చి పోసింది గనుక సముద్రం వెనక్కి జరిగింది.

ఇప్పుడు ఆ పోయడం తగ్గింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1970లలో గోదావరిలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు వచ్చేది. 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. 1976 నుంచి 2001 దాకా డెల్టా అంచున నికరంగా పోయిన నేల 1,836 హెక్టార్లు, అంటే నాలుగున్నర వేల ఎకరాలు. కాటన్ దొరను తప్పు పట్టేవాడు గోదావరి జిల్లాల్లో ఉండడు, నేనూ పట్టను. 1852లో పూర్తయిన ఆయన ఆనకట్ట మీదుగా వరద ఒండ్రుతో సహా పొర్లి వెళ్ళేది. ఎగువన జయక్వాడి, శ్రీరాంసాగర్ లాంటి పెద్ద జలాశయాల సంగతి వేరు, వాటిలో నీళ్ళు నిలుస్తాయి, ఒండ్రు అడుగున పడిపోతుంది. రేపు పోలవరం కూడా నిండుతుంది. మిగిలిన ఇసుకను ఏట్లోంచి తవ్వి ఎత్తుకుపోవడానికి ర్యాంపులున్నాయి, లారీలున్నాయి. మా పాత్ర కూడా చెప్పాలి. మేం ఎత్తుచేసిన ఏటిగట్లు ఊళ్ళను కాపాడాయి, నిజమే. కానీ వరదతో పాటు పొలాల మీద పరుచుకోవలసిన మట్టినీ ఆపేశాయి. డెల్టా నేల తన బరువుకు తానే అణుగుతూ ఉంటుంది. పైన కొత్త మట్టి పడకపోతే అణిగినంత మేరా సముద్రానిదే.

రాయి గురించి నాకు తెలిసింది గ్రోయిన్ల దగ్గర, అంటే గట్టు నుంచి ఏటిలోకి అడ్డంగా వేసే రాతికట్టల దగ్గర, నేర్చుకున్నదే. ఏటిలోకి గ్రోయిన్ వేయించిన ప్రతిసారీ దాని ఎగువ మూలలో ఇసుక మేట వేసేది, దిగువ గట్టు కోసుకుపోయేది. మళ్ళీ అక్కడొక గ్రోయిన్. దిగువ ఊరివాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. సముద్రం దగ్గరా అంతే. గోడ వెనక ఉన్నది కొన్నాళ్ళు నిలుస్తుంది. కెరటం గోడకు కొట్టుకుని వెనక్కి పోతూ అడుగున ఇసుకను తోడేస్తుంది, గోడ అయిపోయిన చోట పక్క ఊరు తెగుతుంది. పడవ లాగడానికీ చేపలు ఎండబెట్టడానికీ ఒడ్డే మిగలదు. ఉప్పాడలో ఇసుక నింపిన జియో ట్యూబులు వేశారు, రాళ్ళూ వేశారు, అయినా తుఫాను వచ్చినప్పుడల్లా అక్కడ తెగిన ఒడ్డు రోడ్డు ఫోటో మీ పత్రికలోనే చూస్తున్నాం. ఇళ్ళ గుమ్మాల దాకా నీళ్ళు వచ్చిన చోట గోడ తప్పదు, ఒప్పుకుంటాను. కొబ్బరితోట కోసం అయితే ఒప్పుకోను, అది మా వాళ్ళదే అయినా సరే.

అసలు విడ్డూరం ఇంకోటి ఉంది. ఏరు సముద్రంలో కలిసే మొగ పూడుకుపోయింది, పోటు వస్తే గాని బోట్లు లోపలికి రావడం లేదు, పూడిక తీయించండి అని మత్స్యకారులు మరో అర్జీ పెట్టారు. అది వేరే కార్యాలయానికి వెళ్ళింది. మొగలో ఎక్కువైన ఇసుకా, మా ఒడ్డున తక్కువైన ఇసుకా ఒకే దారిలో నడిచేదని ఆ రెండు బల్లల్లో ఎవరూ అనుకోరు. విశాఖలో రేవు దగ్గర పేరుకున్న ఇసుకను తవ్వి ఆర్‌కే బీచ్ మీద పోయడం ఏళ్ళుగా జరుగుతున్న పనే. మొగలో తీసిన ఇసుకను లారీలకెత్తకుండా, నడిసముద్రంలో పారబోయకుండా, కోత పడుతున్న ఒడ్డు మీద ఎందుకు పోయకూడదు? ఏటా పోయాల్సి వస్తుంది, ఖర్చే. రాయి మాత్రం ఒకసారి వేస్తే నిలుస్తుందా? ఎన్నిసార్లు జారిన రాయిని మళ్ళీ పేర్పించానో నా పాత కొలతల పుస్తకాలు చూస్తే తెలుస్తుంది.

దాంతో పాటు, ఒడ్డు పొడవునా గుర్తు స్తంభాలు పాతి ఏటా మార్చిలోనూ డిసెంబరులోనూ కొలిచి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాయించాలి. ఒడ్డున ఇసుక మెరకలు తవ్వే ట్రాక్టర్లను ఆపాలి. బాలబంద తీగా మొగలిపొదలూ పట్టి ఉంచిన ఆ మెరకే తుఫాను నాడు సముద్రానికి మనం ఇచ్చే మొదటి మేత.

అర్జీ ఇంకా మా ఊరి రామకోవెల అరుగు మీదే ఉంది, పైఆఫీసుకు వెళ్ళలేదు. రెండో పేజీలో నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. మొగలో తీసిన ఇసుక మా ఒడ్డు మీద పోయాలని అందులో ఒక్క వాక్యం రాస్తే, దాని కింద నా సంతకం పెడతాను.

ఇట్లు,
విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
సఖినేటిపల్లి మండలం,
కోనసీమ జిల్లా