శిల్పాన్ని కాపాడింది చూరే

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంగ్లండ్ చూసి వచ్చినవాళ్లు రాసే యాత్రా వ్యాసాలు ఇప్పుడు తెలుగు పత్రికలన్నిటిలోనూ వస్తున్నాయి. పల్లెటూళ్ల పాత చర్చిలకు వాటిలో చోటు దొరుకుతున్నందుకు సంతోషం. అయితే చాలామంది 'వెయ్యేళ్ల నాటి రాతి కట్టడం' అనే ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నారు. ఏ గోడ ఎప్పటిది, రాళ్ల మధ్య ఏముంది, ఇన్ని వందల ఏళ్లు వానకూ మంచుకూ ఎలా తట్టుకుంది అన్నది ఎవరూ పట్టించుకోవడం లేదు. పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ సంగతులు రాయాలనిపించింది.

వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో, హెర్‌ఫర్డ్ పట్టణానికి నైరుతిగా సుమారు తొమ్మిది మైళ్ల దూరంలో కిల్‌పెక్ అనే చిన్న ఊరుంది. అక్కడి సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్ చర్చిని 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాయితో కట్టారు. ఉన్నవి మూడు భాగాలే. జనం నిలబడే నేవ్, దానికి తూర్పున ఫాదర్ ప్రార్థన నడిపే చాన్సెల్, ఆ చివర అర్ధచంద్రాకారంలో ఆప్స్. పెద్ద గోపురమేమీ లేదు. పడమటి గోడ నెత్తినున్న చిన్న గంటల గూడు 19వ శతాబ్దంలో పెట్టింది. నేవ్ ఈశాన్య మూల మాత్రం మిగతా గోడకంటే పాతది, అంతకుముందు అక్కడున్న చర్చి తాలూకు శేషం. అంటే ఇంత చిన్న కట్టడంలో కూడా ఒకే 'నాటిది' అనడానికి లేదు.

దక్షిణ ద్వారం ముందు నిలబడితే కదలబుద్ధి కాదు. ద్వారం మీది అర్ధవృత్తపు రాతిలో తీగలు సాగిన చెట్టు, పక్క స్తంభాల మీద ఒకదాని తోక మరొకటి మింగే పాములు, తీగల్లో చిక్కుకున్న యోధులు. లోపల చాన్సెల్ కమానుకు రెండు పక్కలా ఒకరి మీద ఒకరుగా ముగ్గురేసి మనుషులు. బయట చూరు కింద గోడ చుట్టూ వరసగా రాతి బొమ్మలు: కుక్క, కుందేలు పక్కపక్కనే, వాద్యగాడు, గొర్రెపిల్ల, ఒళ్లు దాచుకోని ఆడమనిషి. వీటిని కార్బెల్స్ అంటారు. 80కి పైగా మిగిలాయి. ఉలి గాటు ఇంకా కనిపిస్తుంది.

ఇక షాబ్డన్ అనే ఊరు. అదే హెర్‌ఫర్డ్‌షైర్ జిల్లా, ఉత్తరాన. అదే శిల్పుల బృందం, దాదాపు అదే కాలం. హెర్‌ఫర్డ్‌షైర్ శైలి అని పండితులు పిలిచే పని రెండు చోట్లా ఉంది. 1750ల్లో అక్కడి జమీందారు కుటుంబం పాత చర్చిని కూల్చి కొత్త మోజు ప్రకారం మరొకటి కట్టించింది. పాత చర్చి చాన్సెల్ కమానునూ, రెండు ద్వారాలనూ ఊడదీసి, ఇంటి నుంచి చూస్తే అందంగా కనబడాలని కొండ మీద ఆరుబయట నిలబెట్టారు. వాటికి పైకప్పు లేదు. ఈరోజు అక్కడికి వెళితే రాతి మీద ఏ బొమ్మ ఉండేదో ఊహించుకోవాల్సిందే. 1852లో చిత్రకారుడు జి.ఆర్. లూయిస్ అచ్చువేసిన చిత్రాలు ఉండబట్టి అక్కడ ఏముండేదో మనకు తెలుస్తోంది. రెండు ఊళ్లలో రాయి గట్టిదనంలో తేడా కూడా ఉండవచ్చు. కానీ ఆరు వందల ఏళ్లు చర్చిలో భద్రంగా ఉన్న పని ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల్లో ఇలా కరిగిపోవడానికి మొదటి కారణం నీళ్లే.

కమానుకు పైనుండే గోడ, దాని మీది కప్పు తీసేస్తే వాన నేరుగా రాతి నెత్తిన పడుతుంది. ఇసుకరాయి నీళ్లు పీల్చుకుంటుంది. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది, రాతిపొరను లోపలి నుంచి నెడుతుంది. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం జరిగినకొద్దీ లోపలి లవణాలు పైకొచ్చి గడ్డకట్టి రేణువులను రాలుస్తాయి. కిల్‌పెక్ బొమ్మలు చూరు కిందే ఉన్నాయి. కప్పు మీది నీరు వాటికి బయటగా పడిపోతుంది. శిల్పి గొప్పవాడే, కానీ ఆ పనిని మనదాకా తెచ్చింది పైనున్న కప్పు.

గోడ సంగతి ఇంకా ముఖ్యం. మధ్యయుగపు చర్చి గోడ ఒకే రాతి దిమ్మ కాదు. బయటొక వరస, లోపలొక వరస రాళ్లు పేర్చి, నడుమ రాళ్లముక్కలూ సున్నమూ కూరుతారు. మందం మూడడుగులో, అంతకు మించో ఉంటుంది. ఇలాంటి గోడలోకి తడి ఎలాగూ చేరుతుంది. అది బయటికి పోయే దారి రాళ్ల మధ్యనున్న సున్నపు అతుకు. సున్నం రాతికంటే మెత్తన కాబట్టి అరిగేది అదే. వంద ఏళ్లకో, ఇంకొంచెం ముందో వెనకో దాన్ని మళ్లీ నింపుకోవచ్చు. రాతిని మళ్లీ తేలేం.

20వ శతాబ్దంలో ఎన్నో చర్చిల్లో ఆ అతుకులను సిమెంటుతో నింపారు. గట్టిగా ఉంటుందని మంచి ఉద్దేశంతోనే చేశారు. దాంతో తడి అతుకులోంచి పోలేక రాతిలోంచే పోవాల్సి వచ్చింది, రాతి ముఖం పెళ్లలుగా రాలింది. గుర్తు పట్టడం తేలిక: సిమెంటు గీతలు చట్రంలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి మధ్య రాయి లోపలికి గుంటపడి ఉంటుంది. అలాంటి గోడను చూసిన యాత్రికుడు 'పాపం, పాత రాయి' అనుకుంటాడు. కాదు, కొత్త సిమెంటు.

సరైన పని ఇలా ఉంటుంది. పాడైన అతుకును చేతి పనిముట్లతో కనీసం 25 మిల్లీమీటర్ల లోతు దాకా గీకాలి. కోత మిషను పెడితే రాతి అంచులు తెగుతాయి, ఆ గాటు ఇక మానదు. దుమ్ము కడిగి, గోడను తడపాలి. పొడి రాయి సున్నంలోని నీరు లాగేస్తే అది పట్టుకోకుండా పిండిలా రాలుతుంది. నానబెట్టిన సున్నం ఒక పాలు, గరుకు ఇసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు. ఇసుక రేణువులన్నీ ఒకే సైజువి ఉండకూడదు, ఉంటే ఎండేటప్పుడు బీటలు వస్తాయి. నీళ్లు ఎక్కువ పోసినా అంతే. అతుకు రాతి ముఖానికి పిసరు లోపలే ఆగాలి, అంచుల మీదికి పూయకూడదు. కాస్త గట్టిపడ్డాక గరుకు బ్రష్షుతో తట్టి, తడి గోనెపట్టా కప్పి కనీసం వారం రోజులు చెమ్మ ఆరకుండా చూడాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మెల్లగా రాయిగా మారుతుంది, దానికి చెమ్మ కావాలి. ఉష్ణోగ్రత అయిదు డిగ్రీల లోపుంటే పని మొదలుపెట్టకూడదు. ఒక్క రాత్రి మంచు చాలు, వారం పని ఊడిపోతుంది.

గోడ అడుగున మరో చిక్కుంది. చర్చి చుట్టూ వందల ఏళ్లుగా సమాధులు చేయడంతో నేల మట్టం పెరిగి, బయటి మట్టి లోపలి గచ్చుకంటే ఎత్తుకు చేరుతుంది, గోడ కింది భాగం ఎప్పుడూ తడిగానే ఉంటుంది. దానికి గోడ పక్కన కాలువ తవ్వడం మామూలు మందు. కానీ మధ్యయుగపు పునాదులు చాలాచోట్ల లోతు తక్కువ. తెలియక లోతుగా తవ్వితే గోడ కుంగుతుంది. నీరు పోయే దారి చూపకుండా తవ్వితే ఆ కాలువే చెరువవుతుంది. ఇంతకంటే చవకైన పని కప్పు అంచున వాననీరు పట్టే గట్టర్లలో ఆకులు తీయించడం. శరదృతువులో ఆకు రాలాక తప్పకుండా చేయాలి. ఒక్క గొట్టం మూసుకుపోతే ఆ మూల దూలం చివర కుళ్లడం మొదలవుతుంది.

లోపలి గోడల గురించి కూడా ఒక మాట. నగ్నంగా కనబడే రాతి గోడలను చూసి 'ప్రాచీన శోభ' అని మురిసిపోతుంటారు. మధ్యయుగంలో అవి సున్నం వేసి, బొమ్మలు రాసిన గోడలు. ఆ పూతలను గీకి రాయి బయటపెట్టింది 19వ శతాబ్దపు బాగుచేతలు. దానికి అడ్డం తిరిగే ఆంగ్ల రచయిత, డిజైనర్ విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. మన గుళ్లలోనూ సున్నపు పొరలు వదిలించడానికి ఇసుక ఊదితే పొరతో పాటు శిల్పం మీది ఉలి పని కూడా పోతుంది.

కాలాన్ని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కమాను గుండ్రంగా ఉంటే ఉజ్జాయింపుగా 1190కి ముందుది. మొన తేలిన సన్నటి కిటికీలు 13వ శతాబ్దానివి. కిటికీ పైభాగంలో రాతి అల్లిక తీగల్లా మెలికలు తిరిగితే 14వ శతాబ్దం మొదటి సగం. నిట్టనిలువు రాతి పట్టీలు కింది నుంచి పైదాకా సాగితే ఆ తర్వాతిది. మన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. దాని మొన తేలిన కమాన్లు మధ్యయుగపు పద్ధతిని తిరిగి తెచ్చుకున్న గోథిక్ రివైవల్ శైలివి. రెంటినీ ఒక గాటన కట్టడం పొరపాటు.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ చేతిలో సుమారు 16 వేల చర్చిలున్నాయి, వాటిలో 12 వేలకు పైగా రక్షిత జాబితాలో ఉన్నాయి. 1955లో చట్టంగా మొదలైన పద్ధతి ప్రకారం ప్రతి చర్చినీ అయిదేళ్లకోసారి అర్హత గల ఆర్కిటెక్టో, సర్వేయరో కప్పు నుంచి పునాది దాకా పరీక్షించి నివేదిక ఇవ్వాలి. కట్టడంలో ఏ ముఖ్యమైన మార్పు చేయాలన్నా ముందు చర్చి న్యాయవ్యవస్థ అనుమతి కావాలి. వాళ్లకూ డబ్బు చాలడం లేదు, మరమ్మతులు వాయిదా పడుతున్నాయి. అయినా ఏ చర్చికి ఎక్కడ కారుతోందో కాగితం మీద ఉంటుంది.

పురావస్తు శాఖ పరిధిలో లేని మన పాత గుళ్లకూ, మసీదులకూ, చర్చిలకూ ఇలాంటి అయిదేళ్ల తనిఖీ పెట్టాలని రెండు తెలుగు ప్రభుత్వాలనూ కోరుతున్నాం. మన నల్లరాయికి సిమెంటు అంత హాని చేయదు నిజమే. ఇటుకకూ, సున్నపు గారకూ మాత్రం చేస్తుంది. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల మీద పూసిన సిమెంటును ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ 2013 నుంచి చేపట్టిన పనుల్లో ఒలిపించి, మళ్లీ సున్నం వేయించాల్సి వచ్చింది. కాబట్టి టెండరులోనే సున్నం పాళ్లూ, ఇసుక రకమూ రాయాలి. ముందు గోడ మీద ఒక చదరపు మీటరు నమూనా చేయించి, అది ఒక వానాకాలం దాటాకే మిగతా పనికి బిల్లు మంజూరు చేయాలి.

– పాత కట్టడాల మరమ్మతు పనివారు, హైదరాబాద్