రెండు నక్షత్రాల సినిమా

సంపాదకులకు నమస్కారం.

మీ సినిమా పేజీలో రెండు నక్షత్రాలతో సరిపెట్టుకున్న ఒక చిత్రాన్ని ఈ వారం రెండోసారి చూశాను. సాగదీత ఉందన్న మీ సమీక్షకుని మాట నిజమే. పాటలైతే నేనూ దాటేశాను. కానీ అందులో ఒక తండ్రి ఉన్నాడు. కొడుకుతో అతనికి ఏళ్లుగా మాటల్లేవు. కొత్త ఉద్యోగానికి బయల్దేరిన కొడుకును గుమ్మం దగ్గర ఆపి, తప్పుగా పెట్టుకున్న చొక్కా గుండీలను ఒక్కొక్కటే విప్పి సరిచేసి, భుజం మీది దారప్పోగు తీసేసి, లోపలికి వెళ్లిపోతాడు. నేపథ్య సంగీతం కూడా లేదు. సమీక్షలో ఆ సన్నివేశం ఊసే లేదు.

విడుదల రోజే తీర్పు చెప్పాల్సిన తొందర సమీక్షకులది. హిచ్‌కాక్ 'వర్టిగో'కు 1958లో దక్కింది మిశ్రమ స్పందనే. 2012లో బ్రిటిష్ సినిమా పత్రిక 'సైట్ అండ్ సౌండ్' అన్ని కాలాల ఉత్తమ చిత్రాల కోసం నిర్వహించిన విమర్శకుల ఓటింగులో అదే మొదటి స్థానంలో నిలిచింది. 1946 నాటి 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' అప్పట్లో పెట్టుబడి కూడా రాబట్టలేదు. 1974లో దాని కాపీరైట్‌ను ఎవరూ పునరుద్ధరించకపోవడంతో టీవీ ఛానెళ్లు రుసుము కట్టకుండానే ఏటా వేసి వేసి దాన్ని ఇంటింటి సినిమా చేశాయి. ఒక మతిమరుపు చేసిన మేలు ఇది!

నాకు నచ్చినవన్నీ ఆణిముత్యాలని వాదించను. కొన్ని నిజంగానే నాసిరకం. అయినా నచ్చాయి, అంతే.

తక్కువ మార్కులు పడిన పాత సినిమాను నెలకొకటి మళ్లీ చూసి రాయించండి. గుండీల సినిమాతో మొదలుపెడితే సంతోషం.

ఇట్లు,
మీ పాఠకుడు