48 గంటలు ఎప్పటి నుంచి లెక్క?

సంపాదకులు గారికి,

సంక్రాంతికి ఊరొచ్చిన వాళ్లు మళ్లీ బ్యాగులు సర్దుతున్నారు. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి శంషాబాద్ దాకా పోయి విమానం ఎక్కకుండా తిరిగొచ్చే వాళ్ల చేతుల్లో తరచూ కొవిడ్ నెగెటివ్ రిపోర్టే ఉంటున్నది. కౌంటర్ దగ్గర వాళ్లను ఆపేస్తున్నవి ఆ రిపోర్టు మీది సమయం, పేరు, క్యూఆర్ కోడ్. ఈ మూడూ ఇక్కడ, మన జిల్లా కేంద్రాల్లోనే సరిచేయించుకోగలిగినవి. కింది లెక్కలన్నీ 2022 జనవరి మూడో వారం నాటి కొవిడ్ నిబంధనలను బట్టి రాస్తున్నవే.

ముందు దుబాయ్ సంగతి. మన దేశం నుంచి పోయేవారికి రెండు పరీక్షలు. విమానం బయలుదేరే వేళకు 48 గంటల లోపు తీసిన శాంపిల్‌తో ఆర్టీపీసీఆర్ ఒకటి, విమానాశ్రయంలోనే 6 గంటల లోపు ర్యాపిడ్ పీసీఆర్ ఇంకొకటి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. 48 గంటలు రిపోర్టు చేతికొచ్చినప్పటి నుంచి అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. శాంపిల్ తీసిన నిమిషం నుంచే లెక్క.

ల్యాబు కాగితం మీద మూడు సమయాలుంటాయి: శాంపిల్ తీసినది, ల్యాబుకు అందినది, రిపోర్టు ఇచ్చినది. గొడవంతా మొదటిదానితోనే. మిర్యాలగూడలోనో వనపర్తిలోనో కలెక్షన్ సెంటర్‌కు ఉదయం 8 గంటలకు పోతే పేరు రాసుకుని బిల్లు కొడతారు. కంప్యూటర్ ఆ బిల్లు సమయాన్నే శాంపిల్ తీసిన సమయంగా పట్టేస్తుంది. ముక్కులో పుల్ల పెట్టేసరికి 11 అవుతుంది. ప్రయాణికుడికి మూడు గంటలు ఊరికే పోయినట్టే. కొన్నిచోట్ల ముందురోజు ఫోన్‌లో పేరు ఎక్కించుకుంటారు, అప్పుడు ఒక పూట పోతుంది. అందుకే బిల్లు, శాంపిల్ ఒకేసారి కానివ్వమని ముందే అడగాలి. 22న ఉదయం 10 గంటల విమానమైతే, 20న ఉదయం 10 దాటాక, మధ్యాహ్నం లోపు శాంపిల్ ఇవ్వడం మేలు. మన దగ్గర తీసిన శాంపిళ్లు చాలావరకు ఐస్ ప్యాకుల పెట్టెలో సాయంత్రం హైదరాబాద్ పోతాయి, రిపోర్టు మర్నాడు వస్తుంది. పుల్ల సరిగ్గా తిప్పకపోతే మనిషి కణాలే దొరకవు, 'మళ్లీ శాంపిల్ ఇవ్వండి' అని వస్తుంది. వైరస్ జీన్ ఒకటి అటూ ఇటూ కాకుండా అంచు మీద కనిపిస్తే 'అస్పష్టం' అంటారు. రెండోసారి పరీక్షకు ఒక పూటైనా చేతిలో ఉండాలి.

ఇక పేరు. ఆధార్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉన్నవాళ్లు మన దగ్గర చాలామంది. ల్యాబులో ఆధార్ చూపిస్తే ఆ ఒక్క అక్షరమే రిపోర్టుకెక్కుతుంది. పాస్‌పోర్టు ఇచ్చి, పేరుతో పాటు నంబరు, పుట్టిన తేదీ కూడా రాయించుకోవాలి. కౌంటర్ వదలకముందే స్క్రీన్ మీద చూసుకోవాలి. రిపోర్టు విడుదలయ్యాక సవరణ అంటే హైదరాబాద్‌లో డాక్టర్ మళ్లీ సంతకం పెట్టాలి, రాత్రి 9 తర్వాత ఆయన దొరకడు.

క్యూఆర్ కోడ్ ఉంటే చాలదు, దాన్ని స్కాన్ చేస్తే అసలు రిపోర్టు తెరుచుకోవాలి. కొన్నిటిలో పేరూ ఒక నంబరూ మాత్రమే వస్తాయి. ఇంటికి రాగానే, ల్యాబు వైఫై కాకుండా సొంత ఫోన్ డేటా మీద స్కాన్ చేసి చూడండి. ప్రభుత్వ శిబిరాల్లో చేసే పరీక్షకు ఎస్సెమ్మెస్ ఒక్కటే వస్తుంది. అది ఊళ్లో ధైర్యానికి సరే, విమానానికి పనికిరాదు.

దుబాయ్ వాళ్లకు దారి కూడా ఒక పరీక్షే. ఉదయం 10 విమానానికి తెల్లవారుజామున 4 గంటలకే శంషాబాద్‌లో ఉండాలి. ఈ పండుగ తిరుగు రద్దీలో పంతంగి టోల్ దగ్గర ఎంతసేపు నిలబడాలో చెప్పలేం. ర్యాపిడ్ పరీక్షకు ఆలస్యమైతే 48 గంటల రిపోర్టు ఎంత బాగున్నా లాభం లేదు.

అమెరికా లెక్క వేరు, గంటలు కాదు, తేదీ. 2021 డిసెంబర్ 6 నుంచి మూడు రోజుల గడువు ఒక రోజైంది. 72 గంటలు చాలన్న పాత వాట్సాప్ మెసేజి ఇంకా తిరుగుతూనే ఉంది, నమ్మకండి. మన విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక లేస్తాయి, పొరపాటు జరిగేది ఇక్కడే. టికెట్ మీద 20వ తేదీ తెల్లవారుజాము 3.30 అని ఉంటుంది, ఇంట్లో '19 రాత్రి ప్రయాణం' అనుకుంటారు, 18 సాయంత్రం పరీక్ష చేయించుకుంటారు. అది చెల్లదు. 19న ఎప్పుడు చేసినా చెల్లుతుంది. అమెరికాకు యాంటిజెన్ పరీక్ష కూడా సరిపోతుంది, పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం. ఇంట్లో సొంతంగా చేసుకున్న కిట్ మాత్రం ఒప్పుకోరు. రిపోర్టులో పరీక్ష రకం, ల్యాబు పేరు, శాంపిల్ తేదీ ఉండాలి. దారిలో విమానం మారేవాళ్లు టికెట్ ఒకే బుకింగ్‌గా ఉందో లేదో చూసుకోవాలి. ఒకే బుకింగ్, మధ్య ఆగుడు 24 గంటలు దాటకపోతే హైదరాబాద్ నుంచి లెక్క. చవకని రెండు టికెట్లు విడివిడిగా కొంటే అమెరికా ఎక్కే చోట నుంచి లెక్క.

ఈమధ్యే కొవిడ్ వచ్చి తగ్గినవాళ్లకు వారాల తరబడి ఆర్టీపీసీఆర్ పాజిటివ్ రావచ్చు. అమెరికాకైతే 90 రోజుల లోపు పాజిటివ్ రిపోర్టు, ప్రయాణం చేయవచ్చని డాక్టర్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం చాలు. చిరునామా, ఫోన్, సంతకం, తేదీ తప్పక ఉండాలి. పాత పాజిటివ్ రిపోర్టును పీడ పోయిందని పారేయకండి. దుబాయ్‌కి ఈ వెసులుబాటు లేదు, తేదీ మార్చుకోవాల్సిందే. కెనడాకు నేరుగా పోయేవాళ్లు ఢిల్లీ విమానాశ్రయంలో నిర్ణయించిన ల్యాబులోనే, 18 గంటల లోపు చేయించుకోవాలి. క్రూయిజ్ నౌకల్లో పనికి పోయేవాళ్లకు విమానం పరీక్ష వేరు, రేవులో నౌక కంపెనీ చేయించేది వేరు.

విదేశాల నుంచి మన దేశానికి వచ్చేవాళ్లు కేంద్ర ప్రభుత్వ ఎయిర్ సువిధ పోర్టల్‌లో, బయలుదేరే ముందు 72 గంటల లోపు చేయించుకున్న ఆర్టీపీసీఆర్ రిపోర్టు పెట్టాలి, యాంటిజెన్ కుదరదు. 2022 జనవరి 11 నుంచి ఏడు రోజులు ఇంట్లోనే ఉండి ఎనిమిదో రోజు పరీక్ష చేయించుకుని, ఆ ఫలితమూ అందులోనే ఎక్కించాలి. పెళ్లిళ్ల పత్రికలు పంచుతూ తిరగడం ఆ ఏడు రోజుల్లో కుదరదు.

జిల్లా వైద్యాధికారులను మేమడిగేది పెద్దదేం కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో విదేశీ ప్రయాణికులకు ఒక కౌంటర్, రిపోర్టులో పాస్‌పోర్టు నంబరు, శాంపిల్ తీసిన సమయం, తెరుచుకునే క్యూఆర్ కోడ్. ప్రైవేటు కలెక్షన్ సెంటర్లు బిల్లు సమయాన్నీ శాంపిల్ సమయాన్నీ వేరుగా అచ్చువేయాలని ఆదేశించాలి. మీ పత్రిక జిల్లా పేజీలో వారానికోసారి, తేదీ వేసి, ఏ దేశానికి ఏ పరీక్షో ఒక చిన్న పట్టీ ఇవ్వండి. తేదీ లేకపోతే అదీ రేపు పాత వాట్సాప్ మెసేజి అయిపోతుంది.

ఇట్లు,
విమాన టికెట్ల పనిలో ఉన్న కొందరం,
నల్లగొండ