పాలకొల్లు నాణేలు, తపాలా బిళ్లల ప్రదర్శన: జమాఖర్చుల వివరణ

చందాలిచ్చిన పెద్దలకు, టేబుళ్లు తీసుకున్న డీలర్లకు, టిక్కెట్టు కొన్న ప్రతి ఒక్కరికీ కమిటీ సమర్పిస్తున్న లెక్క ఇది.

జమ: నిరుటి మిగులు రూ.4,350. చందాలు రూ.18,500. టేబుళ్లు 22, ఒక్కోటి రూ.1,500 చొప్పున రూ.33,000. పది రూపాయల టిక్కెట్లు 1,140 తెగాయి, రూ.11,400. పిల్లలకు టిక్కెట్టు పెట్టలేదు. మొత్తం రూ.67,250.

ఖర్చు: హాలుకు కరెంటుతో కలిపి రూ.20,000, భోజనాలకు రూ.11,200, టేబుళ్లు కుర్చీల అద్దె రూ.8,600. వీటి గురించి చెప్పేదేం లేదు, పులస అడిగినవాళ్లకు మాత్రం పప్పుచారుతోనే సరిపెట్టాం.

డీలర్ల బసకు, స్టేషను ఆటోలకు రూ.6,300 దేనికని కొందరు అడిగారు. నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో సరుకు పెట్టెలతో దిగే మనిషి ఫోన్‌లో ముందు అడిగేది టేబుల్ అద్దె కాదు, "రాత్రికి సరుకెక్కడ పెట్టాలి?" అని. అందుకే కాపలాకు మరో రూ.5,000 పెట్టాం. పేరున్న డీలరు వస్తున్నాడని తెలిస్తే కొనేవాళ్లు భీమవరం, అమలాపురం నుంచి వాళ్లే వస్తారు.

తూకం మిషను, భూతద్దాలకు రూ.2,100 అయింది. అన్నిటికన్నా పనికొచ్చిన ఖర్చు ఇదే. ఒక టేబుల్ మీద 1939 నాటి, జార్జి రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయి కనబడింది. అరుదైనది కాబట్టి దొంగవి ఎక్కువ. తూగాల్సింది 11.66 గ్రాములు, అది పదిన్నర కూడా తూగలేదు. అద్దం కింద చివరి తొమ్మిది చుట్టూ గీకిన జాడ. ఆ టేబుల్ మధ్యాహ్నానికే ఎత్తించి, అద్దె రూ.1,500 తిరిగిచ్చేశాం. డబ్బు పోయిందని మాలోనే ఒకరిద్దరు నొచ్చుకున్నారు గానీ, పక్క టేబుళ్లవాళ్లు మళ్లీ ఏడాదికి అప్పుడే మాటిచ్చారు. వందేళ్లు దాటిన నాణేలు అమ్మేవారిని 1972 పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్సు చూపించమన్నాం. చూపించనివాళ్లకు మొదటే టేబుల్ ఇవ్వలేదు.

పాంప్లెట్లు, ఆటో మైకు కలిపి రూ.7,450. ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలు రావని అందులోనే అచ్చేయించాం. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. అయినా నోట్లు పట్టుకుని వచ్చారు, అది వేరే సంగతి. చెరువు తవ్వకంలో దొరికిన రాగి నాణేలు తెచ్చినాయనకు మాత్రం, వాటిని అమ్మకూడదనీ కలెక్టరుకు తెలియజేయాలనీ చెప్పి పంపాం.

మొత్తం ఖర్చు రూ.62,150. నిల్వ రూ.5,100 బ్యాంకులో ఉంది. బిల్లులు కోశాధికారి దగ్గరున్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.