హేవలాక్ వంతెనపై ఎప్పుడు నడుస్తాం, మంత్రి గారూ?

గౌరవనీయులైన మంత్రి గారికి,

రాజమహేంద్రవరం నుంచి నమస్కరించి రాస్తున్నాను. ఇది నా నాలుగో విన్నపం. ముందు మూడింటికి దక్కింది రసీదు చీటీలు, ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క ముక్క. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

గోదావరి మీది మా పాత రైలు వంతెన, హేవలాక్ వంతెనను జనం నడిచి చూసే చోటుగా మార్చే పథకం సంగతి మీకు తెలియనిది కాదు. నడకదారి అన్నారు, దీపాలన్నారు, తోటలన్నారు. ప్రభుత్వం మారినప్పుడల్లా మాట కొత్తగా మొదలవుతోంది, ఇనుము మాత్రం పాతబడిపోతోంది. 1997లో దాని మీద రైళ్లు ఆగిపోయిన ఏడు నేను కాలేజీలో చేరాను. ఇప్పుడు మా అమ్మాయి కాలేజీకి వెళుతోంది.

1900 నుంచి 97 ఏళ్లు మద్రాసు-హౌరా రైళ్లను మోసిన వంతెన అండీ అది! 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖానాలు. రైలు దాని మీదికి ఎక్కగానే మా నాయనమ్మ కొంగుముడి విప్పి, పసుపు రాసిన బిళ్ల నా చేతిలో పెట్టేది. గురి తప్పి గర్డరుకు తగిలితే ఠంగుమనేది. “అమ్మకు అందలేదురా” అంటూ ఇంకోటి తీసిచ్చేది. మొన్న మా అమ్మాయిని తీసుకెళితే ఆ ఇనుము మీద చెయ్యి వేసింది. అరచేతి నిండా తుప్పు. “నాన్నా, దీని మీద ఎప్పుడు నడుస్తాం?” అంది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

దొరల కాలం నాటిదని చిన్నచూపు చూడకండి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను గోదావరిలో స్నానం చేస్తూ తలచుకునే జిల్లా మాది. వంతెన పేరులో ఉన్న హేవలాక్ మద్రాసు గవర్నరు. నది మధ్యలో స్తంభాలు లేపిన కూలీల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. వచ్చినవాళ్లకు ఆ కథ కూడా చెప్పాలి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, ఇక్కడ ఈ వంతెన, దిగువన ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన యానాం: ఒకే నది వెంట ఇంత చరిత్ర ఉన్నా, చూడవచ్చిన మనిషి పుష్కర ఘాట్‌లో మునిగి తిరుగు రైలెక్కేస్తున్నాడు.

2027 పుష్కరాలు దగ్గర పడుతున్నాయి. వంతెన మొత్తం కాకపోయినా సరే, ఒడ్డు నుంచి నాలుగు స్పాన్లయినా బాగు చేయించి, గట్టి కటకటాలు పెట్టించి, జనాన్ని నడవనివ్వండి. అదీ కుదరకపోతే ఎప్పటికి అవుతుందో ఒక తేదీ చెప్పండి. నాయనమ్మ లేదు. మా అమ్మ ఉంది, మోకాళ్లు నొప్పులు. ఆమె నడవగలిగినప్పుడే ఆ వంతెన మధ్య నుంచి గోదారిలో ఒక బిళ్ల వేయించాలని ఉంది. దయచేసి ఇంకా ఆలస్యం చేయకండి.

భవదీయుడు,
గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన ఒక పౌరుడు